ఏడో పాతర పుస్తకం

ఒకటో రోజు

ఏడో పాతర ఈ తెల్లవారుజామున నిండింది. రెండు వందల బస్తాల జొన్నలు. మొదటి విడత తైలం ఉండలు వేశారు. చువ్వ చల్లగా ఉంది.

ఇంత రాస్తే చాలన్నారు మా ఆయన. కానీ పుటంతా ఖాళీగా ఉంటే మాబక్క కోప్పడుతుందట. గట్టు మీద పుస్తకాలు చదివేది ఆవిడే. పాతరకి మూత వేసే రోజు అందరినీ కూర్చోబెట్టి మొదటి పుట నుంచి ఆఖరి పుట దాకా పైకి చదువుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా చేతికి చెమట ఆగడం లేదు.

నా పేరు పైడితల్లి. మాది సముద్రం వైపు ఉప్పుదిబ్బ. ఐదో తరగతి చదివాను. తైలం ఇంటి కోడలినై ఈ గట్టుకి వచ్చి ఇరవై రోజులయింది. పాతర పుస్తకం బయటి చెయ్యే రాయాలన్నది ఇక్కడి కట్టడి. తైలం ఇంట్లో పుట్టినవాళ్ళు రాస్తే తమ తప్పు తాము దాచుకుంటారని ఎప్పుడో పెట్టారట. అందుకని ఈ ఇంటికి వచ్చిన కోడలే రాస్తుంది. చువ్వ కూడా ఆమే ముట్టాలి. రాసింది ఇంటివాళ్ళు చూడకూడదు. రాసింది కొట్టెయ్యకూడదు.

చువ్వ ఇత్తడిది, రెండు నిలువుల పొడవు. పాతర మధ్యలో గింజల్లోకి గుచ్చి ఉంటుంది. రోజూ పైకి లాగి దాని కొన బుగ్గకి ఆనించుకోవాలి. కుండ అడుగులా చల్లగా తగిలితే గింజ నిద్రపోతున్నట్టు. వెచ్చగా తగిలితే లోపల ఏదో మేలుకున్నట్టు.

మాబక్కా, ఇది చదివేటప్పుడు దయచేసి నా వైపు చూడవద్దు.

నాలుగో రోజు

చువ్వ చల్లగా ఉంది.

బట్టీ ఇవాళంతా మండింది. రాగి బానలో వస కొమ్ములు, వావిలాకు, నిమ్మగడ్డి వేసి నీళ్ళు పోసి కాస్తారు. ఆవిరి గొట్టంలో పడి చల్లారి కింది కుండలోకి చుక్కలుగా దిగుతుంది. అదే తైలం. కాల్చిన మట్టి ఉండల్ని అందులో నానబెట్టి పాతరలోకి వదులుతారు. ఆ ఘాటుకి ముక్కుపురుగు గింజలో గుడ్డు పెట్టలేదు.

నాకు మాత్రం తల తిరిగింది. వీధంతా అదే వాసన. కంటి నీళ్ళు తుడుచుకుంటూ ఉంటే దారిన పోయేవాళ్ళు నవ్వారు.

"ఏమ్మే కొత్త పెళ్ళికూతురా, పుట్టింటి మీద బెంగనా, బట్టీ పొగనా?"

"మద్దిలేటి బట్టీ ఈ యేడు గుమ్మని కొడతాంది. ఇంగ పురుగు గట్టు దిక్కే రాదు."

మద్దిలేటి అంటే మా మావయ్య. ఆ మాట విని ఆయన మీసం చాటున నవ్వుకున్నాడు. నాకూ గర్వంగా అనిపించింది.

మా అత్తయ్య సుంకులమ్మ పాతకాలం సంగతి చెప్పింది. వాళ్ళ అవ్వ చిన్నప్పుడు పాతరల్లో తైలం కాదట, విషపు మందు బిళ్ళలు వేసేవాళ్ళట. పురుగు వాటికి అలవాటు పడింది. రెండు వేస్తే నాలుగు, నాలుగు వేస్తే ఎనిమిది. చివరికి బిళ్ళల గాలికి మనుషులు పోయారు గాని పురుగు పోలేదు. ఆ ఏడాది గట్టు మీద నాలుగు వందల మంది ఉంటే, మళ్ళీ వాన పడేసరికి తొంభై మంది మిగిలారట. అత్తయ్య ఇదంతా రొట్టె తడుతూ మామూలుగా చెప్పింది. నేను మాత్రం ఆ పూట తినలేకపోయాను.

ఇప్పుడు గట్టు మీద నూట నలభై మంది ఉన్నాం. పన్నెండు పాతరల్లో పది ఖాళీ. ఏడోది ఈ ఏటికి, ఎనిమిదోది పై ఏటికి. వాన మళ్ళీ రావాలంటే రెండేళ్ళు.

తొమ్మిదో రోజు

చువ్వ చల్లగా ఉంది. రెండో విడత ఉండలు వేశారు.

ఒక సంగతి రాయాలో వద్దో తెలియడం లేదు. ఉండల గంపని మా ఆయన నా ముందు నుంచే మోసుకుపోయారు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను, ఘాటు కొడుతుందని. ఏమీ కొట్టలేదు. కొంగు తీసి చూశాను. తడి మట్టి వాసన వచ్చింది, అంతే. వీధిలో నిలబడితే కళ్ళు మండుతున్నాయి, ఉండ మీదకి వంగితే మట్టి వాసన.

మా ఉప్పుదిబ్బలో చేపలు ఎండబెట్టేవాళ్ళం. ఎండిన చేపల గుట్టలో పాడైనది ఒక్కటి ఉన్నా కళ్ళు మూసుకుని తీసిచ్చేదాన్ని. అయినా ఇక్కడికి వచ్చాక నా ముక్కే మొద్దుబారి ఉంటుంది. పెద్దవాళ్ళకి తెలియదా?

పదో రోజు

చువ్వ చల్లగా ఉంది.

పన్నెండో రోజు

చువ్వ చల్లగా ఉంది అని రాయలేను. వెచ్చగా ఉంది. పసిపిల్ల చెయ్యి తగిలినట్టు.

చువ్వ తీసిన కన్నానికి చెవి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వినిపించింది. ఎక్కడో దూరాన ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు. ఒకరు కాదు, చాలామంది. నేను ఊపిరి బిగబడితే అదీ ఆగినట్టు అనిపించింది. ఆగలేదు.

పరుగెత్తుకుని ఇంట్లోకి వచ్చి అత్తయ్య పక్కన నిలబడ్డాను. 

"అత్తయ్యా, ఉండల్లో... వాసన లేదేమో..."

ఆవిడ చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది. లేచి తలుపు వేసింది. పిండి చేత్తోనే నా నోరు మూసింది.

"ఎవురికన్నా చెప్పినావా?"

లేదని తల ఊపాను.

"చెప్పొద్దు. మీ మామ వాసన చూసినాడు. బాగుందన్నాడు. ఆయన ముక్కు మీద ఈ గట్టు ముప్పై ఏండ్లు బతికింది."

తలుపు సందులోంచి వీధిలోకి చూసి వచ్చి మళ్ళీ పిండి పిసకసాగింది. కోప్పడి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

పదిహేనో రోజు

వెచ్చగా ఉంది. నిన్నటి కన్నా ఎక్కువ.

మూడో విడత తైలానికి ఇవాళ పరీక్ష. నలుగురు పెద్దలు వచ్చారు. మావయ్య కళ్ళు మూసుకుని, కుండ మీద చేతులు చుట్టి, వంగి వాసన చూశాడు. అత్తయ్య ఆయన వెనకే నిలబడింది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను కనుక నాకు మాత్రమే కనబడింది. కుండ మూత తీయగానే అత్తయ్య తను గాలి పీల్చుకుంది. తర్వాత మావయ్య మడమని కాలివేలితో తట్టింది.

"ఘాటుగుండాది," అన్నాడు మావయ్య.

పెద్దలు సరేనని వెళ్ళిపోయారు.

మావయ్యకి వాసన తెలియదు. అత్తయ్య ముక్కుతో ఆయన మాట్లాడుతున్నాడు. అత్తయ్య ముక్కేమో బట్టీ పక్కనే కూర్చుని కూర్చుని, గాలిలో ఉన్నదాన్నీ కుండలో ఉన్నదాన్నీ విడదీయలేకపోతోంది.

పదిహేడో రోజు

మూడో విడత ఉండలు వేశారు. మళ్ళీ మట్టి వాసనే.

బట్టీ దగ్గరికి నేను వెళ్ళకూడదు, రాసే చెయ్యి కనుక. అయినా బూడిద తీసే మిషతో వెళ్ళాను. బాన మూతికి గొట్టం కలిసే చోట పిండి ముద్దతో పూడ్చి ఉంది. ఆ ముద్ద ఎండి, పలకలు పలకలుగా బీటలు వారింది. ప్రతి బీట లోంచి సన్నగా ఆవిరి పోతోంది. చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యంతా వస వాసన. కింద కుండలోకి దిగుతున్న నీళ్ళలో వేలు ముంచి చూశాను. ఉత్త నీళ్ళ కన్నా కాస్త మేలు, అంతే.

వీధి గుమ్మని కొడుతున్నది అందుకు. పాతరకి వెళ్ళాల్సిన తైలమంతా వీధికి వెళుతోంది. అందరూ ఆ గాలి పీల్చి, మా బట్టీ బాగుందని సంతోషపడుతున్నారు.

మా ఆయన పేరు రాయాలంటే సిగ్గు. మాబక్క చదివేటప్పుడు తెలియాలి కనుక రాస్తున్నాను, ఈరన్న. ఆయన్ని అడిగాను, ఆ ముద్ద ఏ పిండి అని.

"జొన్న పిండి. ఇంతకు ముందు మినపపిండి పూసేటోళ్ళం. అది జిగటగా పట్టుకుంటాది. మూడేండ్లాయె మినుములు లేక. ఏం?"

చెప్పాను. ఆయన ఒక ఉండ తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"నాకు తెలీదు పైడీ. నేను పుట్టింది ఈ బట్టీ పక్కన. నీళ్ళు తాగినా, రొట్టె తిన్నా నాకు ఇదే వాసన."

తర్వాత మెల్లగా అడిగారు. "పుస్తకంలో ఏం రాస్తివి?"

అడగకూడదు. నేను చెప్పకూడదు. నేను ఏడ్చాను. దాంతో ఆయనకి తెలిసిపోయింది.

"పాతర పాడైతే ఆ ఇంటోళ్ళను గట్టు కింద బండ మీదికి, ఎండకు దింపుతారు. నీకు తెలుసా? పొద్దున పూట, నీళ్ళు లేకుండా. మా అమ్మ, మా నాయన, నేను, నువ్వు కూడా." చేతిలోని ఉండ నా అరచేతిలో పెట్టారు. "నీ చేతిలో ఉండాది."

ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. బతిమాలినట్టు అన్నారు.

పద్దెనిమిదో రోజు

ఆయన ఎవరికీ చెప్పకుండా జొన్నపిండిలో బంక కలిపి కొత్త ముద్ద పూశారు. మధ్యాహ్నానికి అదీ బీటలు వారింది.

చువ్వ వేడిగా ఉంది.

ఇరవై ఒకటో రోజు

చువ్వని బుగ్గ మీద ఉంచుకోలేకపోయాను.

పైకి లాగేటప్పుడు దానితో పాటు నాలుగు పురుగులు వచ్చాయి. నువ్వుగింజ కన్నా చిన్నవి. తలకి ముందు సన్నటి తొండం. నా మణికట్టు మీద నడిచాయి. వాటికి తొందరేమీ లేదు. నలిపేశాను. జొన్నపిండి వాసన వచ్చింది. మా పిండే కదా అవి తిన్నది.

రొట్టె తింటున్నవాళ్ళని చూస్తే భయంగా ఉంది. పిల్లలు ముక్క కింద పడేసి మళ్ళీ ఏరుకుని తింటున్నారు. నాకు తెలిసింది వాళ్ళెవరికీ తెలియదు.

ఇరవై నాలుగో రోజు

రేపు మూత. బంకమట్టి నానబెట్టారు. ఒకసారి మూత వేసి మట్టి మెత్తితే ఆరు నెలల దాకా తీయరు. అప్పటికి లోపల పొట్టు తప్ప ఏమీ ఉండదు.

సాయంత్రం అత్తయ్య నాకు సజ్జ రొట్టె మీద బెల్లం పెట్టి తెచ్చింది. ఈ ఇంట్లో బెల్లం ఉందని నాకు ఈ రోజే తెలిసింది. నా తల దువ్వింది. 

"ఆరేండ్ల కిందట జ్వరం వచ్చి ఆయనకు వాసన పోయింది. చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఇంకెవురికి ఇస్తారో బట్టీని, మనమేం తింటామో అని. ఆయన తప్పు లేదు పైడితల్లీ. రాసేది ఉంటే నా పేరు రాయి."

నేను బెల్లం తినలేదు. మూసిపెట్టాను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను. దీపం చాలడం లేదు, అక్షరాలు సరిగా లేకపోతే మాబక్క నిదానంగా చదవాలి.

పదో రోజున చువ్వ చల్లగా ఉందని రాశాను. అది అబద్ధం. ఆ రోజే అది చల్లగా లేదు. మా ఆయన పక్కన నిలబడి "చల్లగుండాదా?" అని నవ్వుతూ అడిగారు. అందరూ అంత సంతోషంగా ఉన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. తల ఊపాను. ఊపాను కనుక రాశాను. ఆ రోజే చెప్పి ఉంటే సగానికి పైగా గింజ బతికేది. పన్నెండో రోజు నుంచి నిజమే రాశాను గాని, పుస్తకంలో దాక్కున్నాను. మూత రోజు దాకా ఎవరూ చదవరని తెలిసీ రాస్తూ కూర్చున్నాను.

పాతరలో పురుగు ఉంది. చాలా ఉంది. మూత వేయకండి.

ఇరవై ఐదో రోజు

జరిగింది రాస్తున్నాను.

పొద్దు పొడవక ముందే అందరూ పాతర చుట్టూ కూర్చున్నారు. మాబక్క కళ్ళజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. "నా వైపు చూడవద్దు" అన్న చోట అందరూ నవ్వి నన్నే చూశారు. "సిగ్గుకు బాగానే మాటలొచ్చినాయే!" అన్నారెవరో. మా ఆయన పేరు వచ్చిన చోట కూడా నవ్వేవారే. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి.

ఆఖరి పుట అయ్యాక మాబక్క కళ్ళజోడు తీయలేదు.

"అంతా ఉత్తదే," అని ఒకాయన లేచాడు. "వీధంతా గుమ్మని కొడతాంటే ఉండలకు వాసన లేదంటాది. చేపలూరి పిల్లకి వస వాసన ఏం తెలుసు?"

"అబద్ధం రాసినానని ఆ పిల్లే చెప్తాంది కదా. ఏది అబద్ధమో యాడ నమ్మేది?"

మాబక్క గంపలోంచి ఒక ఉండ తీసి వాసన చూసింది. పక్కవాళ్ళకి ఇచ్చింది. ఉండ చేతులు మారుతూ పోయింది. ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. గట్టు మీద ఎవరికీ తెలియడం లేదు. ఇన్నేళ్ళు ఆ గాలి పీల్చి పీల్చి ఒక్కరి ముక్కూ మిగల్లేదు.

మావయ్య లేచాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పిల్ల నిజమే రాసింది. నాకు ఆరేండ్లుగా వాసన లేదు. దీపం దింపండి."

కొత్తగా నింపిన పాతరలో దీపం వెలగాలి. పైన కప్పిన పలక జరిపి లాంతరు తాడు కట్టి దింపారు. గింజలకి మూరెడు పైన ఉండగానే ఒకసారి ఎగిరి ఆరిపోయింది. లోపలి గాలంతా అవి తాగేశాయి. పైకి తీసిన లాంతరు గాజు మీద చుక్కలు చుక్కలుగా పాకుతున్నాయి.

ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో మావయ్య మీదకి వచ్చారు. మాబక్క పుస్తకం మూసి మధ్యలో నిలబడింది.

"ఎవుర్ని దింపాల్నో రేపు చూస్తాం. ముందు గింజను దింపండి ఎండకు."

ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై గంపల కోసం లేచారు. ఆ ఎండకి బండ మీద మనిషి అరగంట నిలవడు. పురుగూ నిలవదు.

ముప్పయ్యో రోజు

ఐదు రోజులూ మధ్యాహ్నాలే పని. గోనెలు తడిపి కప్పుకుని, గంపకి ఇద్దరం, పరుగున వెళ్ళి బండ మీద పలచగా పోయడం, పరుగున రావడం. పురుగులు గింజల్లోంచి బయటికి వచ్చి నీడ వెతుక్కుంటూ మా కాళ్ళ కిందకి వచ్చాయి. అక్కడే చచ్చాయి. నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అత్తయ్యవి తోలు ఊడాయి.

మావయ్య నీడకి రాలేదు. మొదటి రోజు నుంచీ మేం తెచ్చే నీళ్ళతో గోనె తడుపుకుంటూ బండ మీదే ఉండి గింజని తిరగేస్తూ ఉన్నాడు. రమ్మంటే వినడు. మూడో రోజు అక్కడే పడిపోయాడు. మా ఆయన వీపున వేసుకుని తెచ్చారు. బతికాడు. మాట లేదు. నీళ్ళు నోట్లో పోస్తే పక్కకి కారిపోతున్నాయి. ఆయన్ని మళ్ళీ ఎండకి దింపాలని ఎవరూ అనలేదు. పదో రోజున నేను రాసిన ఆ మూడు మాటల గురించి కూడా ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండును.

తూర్పారబట్టి కొలిచారు. ఎనభై ఆరు బస్తాలు. మిగిలింది పొట్టు.

ముప్పై ఎనిమిదో రోజు

ఇది ఎనిమిదో పాతర సంగతి. నేను ఈ ఇంటికి రాకముందే దాన్ని నింపి, ఇదే బట్టీ ఉండలు వేసి మూత మెత్తారట; కొత్త ఉండలు వేయడానికి ఇప్పుడు మూత తీశారు. దాని పుస్తకం కూడా ఇక నన్నే రాయమన్నారు.

విత్తనం కుండల్లో దాచిన మినుములు రెండు సోలలు ఇచ్చారు. మా ఆయన మినపపిండి ముద్ద పూసి బట్టీ పెట్టారు. ఒక్క చుక్క ఆవిరి బయటికి పోలేదు. వీధిలో గాలి ఖాళీగా ఉంది. జనం గుమ్మాల్లో నిలబడి గాలి పీల్చి చూసి, భయం భయంగా మొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ వాసనే వాళ్ళ ధైర్యం.

ఇవాళ తెల్లవారుజామున కొత్త ఉండల గంప నా ముందు పెట్టారు. అందరూ వచ్చారు. ఒక ఉండ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఏమీ లేదు.

ఇంకొకటి తీశాను. విరగ్గొట్టాను. నాలుక ఆనించాను. నాలుక చురుక్కుమంది. వాసన మాత్రం లేదు. వాకిట్లో పొయ్యి రగులుతోంది, దాని పొగ వాసన కూడా నాకు లేదు. ఎప్పటి నుంచి లేదో నాకు తెలియదు. బహుశా పురుగులు నలిపిన మర్నాటి నుంచి కావచ్చు. బహుశా నిన్నటి నుంచి.

"ఘాటుగుండాదా అమ్మా?" అంది మాబక్క.

నూట నలభై మంది నా తల వైపే చూస్తున్నారు. ఊపితే చాలు. ఎంత తేలికో నాకు తెలుసు. అత్తయ్య నా వెనకే ఉంది. ఆవిడ కాలు నా మడమకి దగ్గరగా ఉందని నాకు అనిపించింది. లేదు, ఆవిడ కాళ్ళకి గుడ్డలు కట్టి దూరంగా కూర్చుని ఉంది.

"నాకు వాసన తెలియడం లేదు," అన్నాను. గొంతు చిన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాను, ఆఖరున కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించేలా. "నా ముక్కు పోయింది. నన్ను నమ్మకండి. చువ్వ మీరే ముట్టుకుని చూడండి."

"బయటి చెయ్యి తప్ప ముట్టకూడదు గదా," అన్నారెవరో.

నేను ఎనిమిదో పాతర దగ్గరికి వెళ్ళి రెండు చేతులా చువ్వ పైకి లాగాను. నా బుగ్గకి ఆనించుకోలేదు. మాబక్క చేతిలో పెట్టాను.

ఆవిడ కొన బుగ్గకి ఆనించుకుని, వెంటనే తీసేసింది. పక్కవాళ్ళకి ఇచ్చింది. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. మా ఆయన దాకా వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు.

ముట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి గోడకి ఆనించిన గంపలు అందుకున్నారు, గోనెలు నీళ్ళలో ముంచడం మొదలుపెట్టారు. బయట పొద్దు అప్పటికే బండ ఎక్కుతోంది.